మనోవ్యథ – మెదడులోని నకళ్ళు

మేము తెలుగు పాఠము చెప్పువారము. జీవశాస్త్రము మా శాస్త్రము కాదు. అయినను ఈ సంవత్సరపు సంచికకు ఏదేని కావ్యమును గూర్చి వ్రాయక, మెదడు కణములలోని ఒక సూక్ష్మ పదార్థమును గూర్చి వ్రాయుటకు కారణమున్నది. మా విద్యార్థి ఒకడు ఒక ప్రశ్న వేసినాడు. దానికి మేము చెప్పిన సమాధానము తప్పు. తరగతిలో దొర్లిన తప్పును తరగతిలోనే దిద్దుకొనవలెనని మా గురువులు చెప్పెడివారు. ఈ తప్పు ఒక ఇంటి గడపకు సంబంధించినది గనుక, నలుగురు చదువు పత్రికలో దిద్దుకొనుచున్నాము.

ఆ విద్యార్థిది సిరిసిల్ల. తండ్రి మరమగ్గముల కార్ఖానాలో పని చేయుచు, అప్పుల బాధకు తాళలేక ప్రాణము తీసికొన్నాడు. పిల్లవాడు నెలా పదిహేను దినములు కళాశాలకు రాలేదు. వచ్చిన తరువాత ఒకనాడు, అందరు వెళ్లిన పిమ్మట మా బల్ల దగ్గర నిలబడి, "సార్, మా అక్కకు కుదిరిన సంబంధం తప్పిపోయింది. వాళ్ల రక్తంలనే ఆ గుణం ఉన్నదని అవతలోళ్లు అన్నరంట. మా తాతకు గూడ ఆఖరికి మతి సరిగ లేకుండె. నిజంగనే రక్తంల ఉంటదా సార్?" అని అడిగినాడు.

మేము వెంటనే, "చదువుకున్నవాడవు, అటువంటి మాటలు పట్టించుకోవద్దు. మనసు సంగతి మనసుది, దానికి, రక్తానికి సంబంధమే లేదు" అని చెప్పినాము. వాడు తల ఊపి వెళ్లిపోయినాడు. మా మాట నమ్మిన జాడ ముఖములో లేదు. ప్రక్క గదిలో నుండి విన్న మా జంతుశాస్త్ర ఉపన్యాసకులు వచ్చి, "మీరు ఓదార్చినారు, బాగున్నది. కాని చెప్పినది సత్యము కాదు. మనసుకు తగిలిన దెబ్బ కణము లోపలి దాకా పోతుంది. అక్కడ ఏమి జరుగుతుందో వాడికి చెప్పితే తప్ప, వాడి ప్రశ్నకు జవాబు రాదు" అన్నారు. ఆ మాట మమ్ములను కొంత నొప్పించినది. తరువాత మూడు నెలలు వారి సహాయముతోనే చదివినాము. చదివి అర్థము చేసికొన్నంత వరకు ఇక్కడ చెప్పుచున్నాము.

ముందుగా రెండు మాటలు తెలిసికొనవలెను. అవి మనకు క్రొత్తవి కావు: అసలు, నకలు. ఈ రెండును ఉర్దూ ద్వారా తెలుగులోనికి వచ్చి, తిరిగి పోవుట మరచిపోయిన మాటలు. వెనుకటి కాలమున తహసీలు కచేరీలో పహాణీ దఫ్తరు ఉండెడిది. అసలు దఫ్తరు కచేరీ గడప దాటి రాదు. రైతుకు బ్యాంకులోనో కోర్టులోనో అవసరమైనప్పుడు, ఆ పుట మాత్రము చూచి నకలు వ్రాసి ఇచ్చెడివారు. పని అంతయు నకలుతోనే జరుగును. ఒక రైతు పది నకళ్ళు తీసికొనవచ్చును. మరియొకని పుటను ఏండ్ల తరబడి ఎవరును తెరువకపోవచ్చును. నకళ్ళు ఎన్ని తీసినను అసలులో ఒక్క అక్షరము మారదు.

మన శరీరములోని కణము ఇట్టి కచేరీయే. దాని నడుమనున్న కేంద్రకములో డి.ఎన్.ఏ. అను అసలు దఫ్తరు ఉన్నది. అందలి ఒక్కొక్క పుటను జన్యువు అందురు. ప్రోటీనులను తయారు చేయు విధానము వ్రాసియున్న జన్యువులు మనుష్యునిలో సుమారు 20,000 ఉన్నవి. ఏ ప్రోటీను అవసరమో ఆ జన్యువునకు నకలు తయారై కేంద్రకము వెలుపలికి వచ్చును. ఆ నకలే ఆర్.ఎన్.ఏ. అందులోను ఈ పని చేయు రకమును దూత ఆర్.ఎన్.ఏ. అందురు, 1961లో దీని ఉనికి ప్రయోగములచే నిర్ధారణ అయినది. నకలులోని లిపిని చదివి ప్రోటీనును కూర్చు రహస్యమును విప్పినందుకే 1968లో హరగోవింద్ ఖొరానా గారికి, మరి ఇద్దరికి నోబెల్ బహుమతి వచ్చినది. కాలేయపు కణములోను, మెదడు కణములోను ఉన్న అసలు ఒక్కటే. ఏ పుటలకు నకళ్ళు తీయుచున్నారు, ఎన్ని తీయుచున్నారు అనుదానిలోనే తేడా. దీనికి శాస్త్రజ్ఞులు పెట్టుకొన్న పేరు జన్యు వ్యక్తీకరణము. కావ్యపాఠములో భావవ్యక్తీకరణము అని మేము నిత్యము వాడు మాటయే ఇక్కడ కనబడినప్పుడు, పరాయి ఊరిలో మన ఊరివాడు ఎదురైనట్లు సంతోషము కలిగినది.

నకలుకు ఆయువు తక్కువ. కొన్ని నిమిషములకు, కొన్ని గంటలకు, మహా అయిన కొన్ని దినములకు అది చినిగిపోవును. కావున ఒక కణములో ఏ ఆర్.ఎన్.ఏ. ఎంత ఉన్నదో లెక్కించిన, ఆ కణము ఈ ఘడియలో ఏ పనిమీద ఉన్నదో తెలియును.

మన జగిత్యాల వారికి ఇంకొక ఉదాహరణము దగ్గరలోనే ఉన్నది. పొలాస వ్యవసాయ పరిశోధనా స్థానములో రూపొందిన జగిత్యాల సన్నాలు మన పొలములలో పండినవే. ఒకే బస్తాలోని విత్తనమును కాలువ క్రింద ఒక మడిలోను, నీరందని చివరి మడిలోను వేసినామనుకొందము. నీటి ఎద్దడి తగిలిన పైరు కణములలో వేరే జన్యువులకు నకళ్ళు లేచును. పెరుగుదలకు సంబంధించినవి తగ్గును. రెండు మళ్ళలోను విత్తనము ఒక్కటే, అసలు వ్రాత ఒక్కటే. చివరి మడి ఎండినప్పుడు రైతు కాలువ వంక చూచునే కాని, విత్తనపు వంశమును తిట్టడు. మనుష్యుల విషయములో మాత్రము మనము ముందు వంశమునే తిట్టుదుము.

ఇక మనోవ్యథ కణము దాకా ఎట్లు పోవును? అప్పిచ్చినవాడు వాకిట నిలబడి అరచిన అరపు చెవిలో పడును. అది కేంద్రకములోని దఫ్తరును ఎట్లు కదిలించును? మాకు మొదట వింతగా తోచినది ఇదే.

1936లో హాన్స్ సెల్యే అను వైద్యుడు కెనడా దేశపు మాంట్రియల్‌లో ఎలుకలపై ప్రయోగములు చేయుచు ఒక సంగతి కనిపెట్టినాడు. చలిలో ఉంచినను, గాయపరచినను, మితిమీరి పరుగెత్తించినను, విషపదార్థములు ఎక్కించినను, ఎలుక శరీరములో ఒకే విధమైన గుర్తులు కనబడినవి. మూత్రపిండములపైనుండు అధివృక్క గ్రంథులు ఉబ్బినవి. జీర్ణాశయములో పుండ్లు పడినవి. కష్టములు వేరైనను శరీరపు జవాబు ఒక్కటి. దీనికే తరువాత ఒత్తిడి అను పేరు స్థిరపడినది.

ఆ జవాబు నడచు దారి ఇట్లుండును. మెదడు అడుగున హైపోథలామస్ అను చిన్న భాగమున్నది. ఆపద తెలిసిన వెంటనే అది సి.ఆర్.ఎఫ్. అను రసాయనమును విడుచును. 1981లో దీని నిర్మాణము బయటపడినది. అది పీయూష గ్రంథిని తట్టును. పీయూష గ్రంథి రక్తము ద్వారా అధివృక్క గ్రంథులను తట్టును. అవి కార్టిసాల్ అను హార్మోనును రక్తములోనికి వదలును. ఎలుకలో దీనికి బదులు కార్టికోస్టీరోన్ ఉండును. మామూలు దినములలో కార్టిసాల్ తెల్లవారుజామున హెచ్చి, నడిరేయికి అడుగంటును. రాత్రి పాళీలో సాంచాల నడుమ నిలబడువానికి ఈ గడియారమే తారుమారగును. అది వేరొక వ్యాసము కాగలదు.

కార్టిసాల్ వాకిట ఆగు అతిథి కాదు. కణపు పొరను దాటి లోనికి పోవును. లోపల దానికొరకు గ్రాహకము అను ప్రోటీను కాచుకొనియుండును. రెండును కలిసి కేంద్రకములోనికి పోయి, డి.ఎన్.ఏ. మీద తమకు నియమించిన చోట్ల కూర్చుండి, ఈ పుటకు నకళ్ళు పెంచుము, ఆ పుటకు తగ్గించుము అని ఉత్తరువులిచ్చును. 1968లో బ్రూస్ మెక్‌ఈవెన్, ఆయన సహచరులు న్యూయార్క్ నగరములో ఎలుకకు కార్టికోస్టీరోన్ ఇచ్చి చూడగా, అది మెదడులోని హిప్పోకాంపస్ అను భాగములో విశేషముగా నిలిచిపోయినది. అంతవరకు ఈ హార్మోను మెదడు లోపలి దాకా పోయి పని చేయునని ఎవరును ఇంత స్పష్టముగా చూపలేదు. కావున మా మొదటి సమాధానము తప్పు అనుట ఇక్కడనే తేలినది. మనసు సంగతికి, రక్తమునకు సంబంధము లేకపోవుట కాదు, రక్తమే వార్తాహరుడు.

అయితే ఇది రోగము కాదు. పరీక్ష నాటి ఉదయము మీకు గుండె దడదడలాడుట, ఆకలి లేకపోవుట, చదివినది హఠాత్తుగా స్ఫురించుట, ఇవన్నియు ఈ దారి చక్కగా పని చేయుచున్నదనుటకు గుర్తులు. ఈ దారికి కళ్లెము కూడ ఉన్నది. కార్టిసాల్ హెచ్చినదని తెలియగానే హైపోథలామస్ సి.ఆర్.ఎఫ్. నకళ్ళను తగ్గించును. హిప్పోకాంపస్ కూడ తన గ్రాహకముల ద్వారా ఆ సంగతి గ్రహించి, ఇక చాలును అని సంకేతము పంపును. పరీక్ష ముగిసిన సాయంత్రము హాయిగా నిద్ర పట్టుట ఈ కళ్లెము చలవయే.

చిక్కు ఎక్కడనగా, పులి ఎదురైన కష్టము పది నిమిషములలో తేలిపోవును. అప్పు కష్టము తేలదు. సిరిసిల్లలో మరమగ్గములను మనవారు సాంచాలు అందురు. నూలు ధర పెరిగినను, బట్ట ధర పడినను సాంచాలు ఆగును. 2017లో బతుకమ్మ చీరల నేత పని వచ్చి కొన్నేండ్లు చేతి నిండ పని దొరికినది. అది తగ్గినప్పుడు మరల వెలితి. సాంచాలు ఆగినను వారపు కిస్తీ ఆగదు. ఆసామికి, కార్మికునికి ఇద్దరికిని ఇదే గతి. కోరుట్ల, జగిత్యాల ప్రాంతముల ఇండ్లలో చాటలు ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టు తల్లులకు ఆకు బాగుగా రాని దినము, గల్ఫ్ నుండి పైకము రాని నెల ఇట్టివే. ఇట్టి కష్టమునకు మెదడు ప్రతిదినము ఆపద గంట మ్రోగించును. మ్రోగి మ్రోగి గంట ఏమగును?

1995లో అమెరికాలో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో ఎలుకలను కదలకుండ బంధించి, తరువాత హిప్పోకాంపస్‌లో బి.డి.ఎన్.ఎఫ్. అను ప్రోటీనుకు సంబంధించిన దూత ఆర్.ఎన్.ఏ.ను కొలిచినారు. అది తగ్గియుండెను. ఈ ప్రోటీను నాడీకణములకు ఎరువు వంటిది. కొమ్మలు వేయుటకు, ఒకదానితో నొకటి సంబంధము నిలుపుకొనుటకు అవసరమైనది. అంటే దీర్ఘకాలపు వ్యథ మొదట దెబ్బతీయునది పెరుగుదలనే. హిప్పోకాంపస్ పని ఏమిటో కూడ ఇక్కడ జ్ఞాపకము చేసికొనవలెను. జ్ఞాపకములను కూర్చుట, నిన్నటి భయమును నేటి భయమునుండి వేరు చేయుట, పైన చెప్పిన కళ్లెమును పట్టుకొనుట, ఈ మూడును దానివే. కళ్లెము పట్టిన చేయియే బలహీనమగుట ఇందులోని విషాదము. అట్టివానిని ధైర్యము తెచ్చుకొమ్మని మనము గద్దించుదుము. కాలు విరిగినవానిని పరుగెత్తుమనుటకు, దీనికి ఎక్కువ భేదము లేదు.

ఈ పని అంతయు దూర దేశములదే అనుకొనవద్దు. హైదరాబాదులోని భారత రసాయన సాంకేతిక సంస్థ, కణ మరియు అణు జీవశాస్త్ర కేంద్రము శాస్త్రజ్ఞులు కలిసి 2013లో ఒక పరిశోధన ప్రకటించినారు. వారు ఎన్నుకొన్నది జీబ్రా చేప; వ్రేలి పొడవు కూడ లేని చారల చేప. ఈ చేపలకు ఏ వేళ ఏ కష్టము వచ్చునో తెలియకుండ, దినదినము మార్చి మార్చి ఒత్తిడి కలిగించినారు. చేపలు బెదురుగొన్నట్లు ప్రవర్తించినవి. మెదడును పరీక్షింపగా, ఒత్తిడికి సంబంధించిన జన్యువుల వ్యక్తీకరణము మారియుండెను. కణమునకు శక్తినిచ్చు మైటోకాండ్రియాలకు చెందిన ప్రోటీనులలో తేడాలు కనబడినవి. అలసట మాట మాకు ఇందువలన క్రొత్తగా అర్థమైనది. వ్యథలోనున్నవాడు ఏ పని చేయకయే అలసిపోయినానని చెప్పిన, అది సాకు కాకపోవచ్చును. అయితే చేప చేపయే, మనుష్యుడు మనుష్యుడే. చేపలో కనబడినదంతయు మనకు వర్తించునని చెప్పరాదు.

కష్టము తీరిన తరువాత నకళ్ళు తిరిగి పూర్వపు లెక్కకు వచ్చునా? మేము అన్నిటికంటె ఎక్కువగా చదివినది ఈ విషయమునే. 2014లో మెక్‌ఈవెన్ బృందము వారే ఒక ప్రయోగమును ప్రకటించినారు. చుంచులను 21 దినములు, దినమునకు కొంతసేపు, కదలనీయక ఉంచినారు. తరువాత 21 దినములు విశ్రాంతి ఇచ్చినారు. విశ్రాంతి పిదప వాని ప్రవర్తన మామూలు చుంచుల ప్రవర్తనవలెనే ఉండెను, బెదురు పోయెను. చూచినవారు అవి బాగైనవనియే అందురు. కాని హిప్పోకాంపస్‌లోని ఆర్.ఎన్.ఏ.ను లెక్కింపగా, అది ఎన్నడును కష్టమెరుగని చుంచు లెక్క కాదు, కష్టములోనున్నప్పటి లెక్కయును కాదు. మూడవదైన ఒక క్రొత్త లెక్క. ఆ చుంచులకు మరల క్రొత్త కష్టము కలిగించినప్పుడు, లేచిన నకళ్ళు కూడ వేరుగానే ఉండెను.

ఇది చదివినప్పుడు మాకు మా అబ్బాజాన్ జ్ఞాపకము వచ్చినారు. వారు కోరుట్ల నుండి వెళ్లి పదునాలుగేండ్లు గల్ఫ్‌లో ఉండి వచ్చినవారు. వచ్చిన తరువాత అప్పులు తీరినవి, ఇల్లు లేచినది, నవ్వు కూడ వచ్చినది. అయినను అర్ధరాత్రి ఫోను మ్రోగిన, లేచి కూర్చుండి గోడను పట్టుకొనెడివారు. మా అమ్మీ, "అన్నీ అయిపోయినయి కదా, ఇంక దేనికి పరేషాన్?" అని విసుగుకొనెడిది. అబ్బాజాన్ జవాబు చెప్పెడివారు కారు. బాగగుట అనగా పూర్వపు మనిషి తిరిగి వచ్చుట కాదు. ఒక క్రొత్త మనిషి నిలదొక్కుకొనుట. ఈ సంగతి ఆనాడు తెలిసియుండిన, మా ఇంటిలో కొన్ని మాటలు తక్కువగా అనుకొనియుందుము.

ఇక రక్తములో ఉండునా అను ప్రశ్నకు వత్తుము. 2004లో మరల ఆ మాంట్రియల్ నగరములోనే మైకేల్ మీనీ, మోషే జిఫ్, ఇయాన్ వీవర్ మున్నగువారు తల్లి ఎలుకలను గూర్చి ఒక పరిశోధన ప్రకటించినారు. కొన్ని తల్లి ఎలుకలు పిల్లలను మాటిమాటికి నాకి, దువ్వి, దగ్గరకు తీసికొనును. కొన్ని అంతగా పట్టించుకొనవు. లాలన దొరికిన పిల్లలు పెద్దవైన తరువాత కష్టములో త్వరగా కుదుటపడును, దొరకనివి బెదురుగొడ్లగును. వాని హిప్పోకాంపస్‌లో చూడగా, మొదటివానిలో కార్టిసాల్ గ్రాహకపు జన్యువునకు నకళ్ళు మెండు, రెండవవానిలో తక్కువ. గ్రాహకములు తక్కువైన కళ్లెము సరిగా బిగియదు. కారణము వెదకగా, లాలన లేని పిల్లలలో ఆ జన్యువు మొదట, నకలు ప్రారంభమగు చోట, మిథైల్ అను చిన్న రసాయన గుంపులు అంటుకొనియుండెను. అసలు పుటలో ఒక్క అక్షరము మారలేదు. పుటపై ఒక చీటీ అంటించి దీనిని తక్కువగా తీయుమని వ్రాసినట్లున్నది.

అప్పుడు వారు చేసిన పనిని మీరు శ్రద్ధగా గమనింపవలెను. పుట్టిన పిల్లలను తారుమారు చేసినారు. లాలింపని తల్లికి పుట్టినదానిని లాలించు తల్లి యొద్ద పెంచినారు. ఆ పిల్లలో చీటీ పడలేదు. పెంచిన తల్లి పిల్లలవలెనే నకళ్ళు మెండుగా ఉండెను. కన్న తల్లి రక్తము కాదు, పెంచిన తల్లి ఒడి దానిని నిర్ణయించినది. మరియు, చీటీ పడిన ఎలుకలు పెద్దవైన తరువాత కూడ మెదడులోనికి ఒక ఔషధమును ఎక్కించి ఆ చీటీని వదిలింపగలిగినారు. ఆ ఔషధము మనుష్యుల చికిత్సకు వచ్చినది కాదు. అయినను చీటీ శాశ్వతమైన శిలాశాసనము కాదని దానివలన తెలిసినది.

2009లో అదే బృందము వారు మనుష్యుల మెదళ్లను పరీక్షించినారు. ఆత్మహత్య చేసికొన్నవారిలో బాల్యమున హింసకు గురియైనవారు 12 మంది. అట్టి హింస లేనివారు 12 మంది. ఇతర కారణములవలన చనిపోయినవారు 12 మంది. బాల్యమున హింస అనుభవించినవారిలో గ్రాహకపు నకళ్ళు తక్కువగా, చీటీలు ఎక్కువగా ఉండెను. ఆత్మహత్య చేసికొన్నను బాల్యహింస లేనివారిలో ఈ లెక్క ఇతర కారణములవలన చనిపోయినవారి లెక్కకు భిన్నముగా లేదు. సంఖ్య చిన్నది, నిజమే. కాని మా విద్యార్థి ఇంటికి సంబంధించిన మాట ఇందులో ఉన్నది. ఒకే విధముగా మరణించిన ఇరువది నలుగురి మెదళ్లలోనే వ్రాత ఒక్కటి కాదు. అట్టియెడ మరణమును చూచి ఆ ఇంటివారందరి రక్తమునకు తీర్పు చెప్పుట ఏ శాస్త్రము?

ఓదార్పుకొరకు మరల అసత్యము చెప్పరాదు గనుక రెండవ ప్రక్క కూడ చెప్పవలెను. అసలు దఫ్తరునకు ఈ విషయములో భాగమే లేదనుట సరికాదు. కవలలపై జరిగిన అధ్యయనములను కలిపి 2000లో లెక్కింపగా, తీవ్ర విషాద రోగము మనుష్యులలో ఒకరికి వచ్చుట, ఒకరికి రాకపోవుటలోని తేడాలో సుమారు 37 శాతము వంశపారంపర్యమునకు చెందునని తేలినది. మిగిలినది బ్రదుకునకు చెందును. ఆ 37 శాతము కూడ ఏ ఒక్క జన్యువుదో కాదు. ఒక్కొక్కటి ఆవగింజంత భారము మోయు అనేక జన్యువులది. మధుమేహము, రక్తపు పోటు గల ఇండ్ల నుండి మనము పిల్లను తెచ్చుకొనుట మానినామా? లేదు. జాగ్రత్త చెప్పి తెచ్చుకొందుము.

స్త్రీపురుషుల మెదళ్లలో ఈ మార్పులు ఒకే తీరుగా ఉండవని కూడ 2017లో మనుష్యుల మెదళ్లపై జరిగిన పరిశోధనలో తేలినది. విషాద రోగముతో నుండిన స్త్రీలలో మారిన జన్యువులకు, పురుషులలో మారిన జన్యువులకు పోలిక చాల తక్కువ. పురుషుని లక్షణములు చూచి నేర్చిన వైద్యము స్త్రీకి అట్లే సరిపోవునని అనుకొనరాదు. బీడీలు చుట్టు తల్లి తలనొప్పి, నడుమునొప్పి అని దవాఖానాకు పోయినప్పుడు, అది మనోవ్యథ కావచ్చునని తలచువారెందరు?

ఇంకొక హెచ్చరిక. బ్రదికియున్న మనిషి మెదడు నుండి ఈ లెక్క తీయుటకు వీలు లేదు. చనిపోయినవారి మెదడును వారి కుటుంబము దానము చేసిననే పరిశోధన సాగును. బెంగుళూరులోని నిమ్హాన్స్‌లో 1995 నుండి అట్టి మెదళ్ల భాండాగారమున్నది. రక్తములోని కణముల నకళ్ళు వేరు, మెదడులోని నకళ్ళు వేరు. కావున నెత్తురు చుక్క తీసి నీ మనసు బలమెంతో, నీ పిల్లల మనసు బలమెంతో చెప్పుదుమనువారు కనబడిన, పైకము వారి చేతిలో పోయవద్దు. శాస్త్రము పేరు చెప్పి జాతకము చెప్పుట అది.

ఇదంతయు చదివిన తరువాత మేము ఆ విద్యార్థిని పిలిచి, ముందుగా మా తప్పు ఒప్పుకొన్నాము. తరువాత అసలు, నకలు కథ మొదలుపెట్టినాము. వాడు చాలసేపు విని, "అంటే సార్, మా నాయన అసలు మంచిగనే ఉండె. అప్పులే ఆ నకళ్లు తీయించినయి" అన్నాడు. మేము, "అసలు ఎట్లున్నదో ఎవరికీ తెలియదు. నీది ఎట్లున్నదో, నాది ఎట్లున్నదో కూడ తెలియదు. కాని అప్పు తీరి, అడిగేవాడు ఒకడు తోడుంటే, నకళ్లు వేరే తీరుగా ఉండేవని చెప్పవచ్చు" అన్నాము. వాడు కన్నీరు పెట్టుకొనలేదు. అక్క సంబంధపు వారికి ఈ మాట ఎవరు చెప్పవలెనని మాత్రము అడిగినాడు.

ఒక ఆదివారము వేములవాడ మీదుగా బస్సులో వానితో కలిసి సిరిసిల్లకు వెళ్లినాము. అవతలివారి ఇంటిలో పెద్దదిక్కు ఒక వృద్ధుడు. చేతిమగ్గము మీద మొదలుపెట్టి మరమగ్గము దాకా చూచినవాడు. ప్రక్క సందులో సాంచాల చప్పుడులో మా మాట సగము వినబడలేదు; రెండుమార్లు చెప్పవలసి వచ్చినది. "తాతా, ఈ పిల్ల తండ్రి పోయిన కష్టం ఈ పిల్ల రక్తంలో వ్రాసిపెట్టి లేదు" అన్నాము. ఆయన బీడీ ముట్టించి, "సారూ, నా తమ్ముడు గూడ గట్లనే పోయిండు. ఇరువై ఏండ్లయింది. ఇంట్ల ఎవలం చెప్పుకోం" అన్నాడు. కొంతసేపు ఎవరును మాటాడలేదు. ఆ ఇంటివారి భయమునకు మూలము ఎదుటి ఇంటిలో లేదు, తమ ఇంటిలోనే ఉన్నదని అప్పుడు తెలిసినది. తమ్ముని కొడుకు ఈ మధ్య నిద్రపోవుట లేదని, ఎవరితోను మాటాడుట లేదని కూడ ఆయనే చెప్పినాడు.

మేము కాగితము తీసి టెలి-మానస్ సంఖ్య 14416 వ్రాసి ఇచ్చినాము. 2022లో భారత ప్రభుత్వము ప్రారంభించిన ఈ ఫోను సేవలో పైకము లేకుండ తెలుగులోను మాటాడవచ్చును. ఆయన దానిని రెండు మడతలు పెట్టి బనియను జేబులో పెట్టుకొని, మనుమరాలిని పిలిచి చాయ్ పెట్టుమన్నాడు. పెండ్లి మాట మేము ఎత్తలేదు, ఆయనయు ఎత్తలేదు. తిరుగు బస్సులో విద్యార్థి, "సార్, ఆ అన్న ఫోన్ చేస్తడా?" అని అడిగినాడు. చేయకపోతే వచ్చే ఆదివారము మరల పోదమని చెప్పినాము.